శరీరంలో ఆమ్ల-క్షార సమతౌల్యం

మానవ శరీరంలోని ద్రవాలలో ఉదజని అయాన్ల గాఢతను ఇరుకైన హద్దుల మధ్య నిలిపి ఉంచే ఏర్పాటును ఆమ్ల-క్షార సమతౌల్యం అంటారు. ఆరోగ్యవంతుల ధమనీ రక్తపు పీహెచ్ 7.35 నుండి 7.45 వరకు ఉంటుంది. అది 6.8 కంటె తగ్గినా, 7.8 కంటె పెరిగినా ప్రాణం నిలవడం చాలా కష్టం. ఈ పనిలో మూడు వ్యవస్థలు పాలుపంచుకుంటాయి: క్షణాలలో పనిచేసే రసాయన బఫర్లు, నిమిషాలలో స్పందించే ఊపిరితిత్తులు, గంటలు, రోజుల తరబడి శ్రమించే మూత్రపిండాలు.

పాఠ్యపుస్తకాలలో ఈ మూడింటినీ విడివిడిగా వర్ణించడం వాడుక. అందువల్ల ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు కాపలాలని విద్యార్థులు పొరబడే అవకాశం ఉంది. నిజానికి బఫరు ఆమ్లాన్ని శరీరం నుండి బయటకు పంపదు, తాత్కాలికంగా అణచి ఉంచుతుంది, అంతే. ఆ క్రమంలో తాను ఖర్చవుతుంది. ఖర్చయిన బఫరును తిరిగి నింపేది మూత్రపిండం. బఫరు నుండి వెలువడిన వాయువును బయటకు తోలేది ఊపిరితిత్తి. ఈ రెండు దారులూ మూసుకుపోతే ఎంత బఫరు ఉన్నా అది కొద్దిసేపటి ముచ్చటే.

ఇక్కడి రసాయన చర్యలు శరీరానికే ప్రత్యేకమైనవి కావు. రాయలసీమలో, ముఖ్యంగా కడప, కర్నూలు ప్రాంతాల సున్నపురాతి నేలలో ఇవే చర్యలు యుగాల తరబడి జరుగుతూ ఉన్నాయి. కనుక ఈ వ్యాసంలో కొన్ని ఉదాహరణలను అక్కడి నుండి తీసుకోవడం జరిగింది.

పీహెచ్ కొలమానం

ద్రవంలోని ఉదజని అయాన్ల గాఢతను సూచించడానికి డెన్మార్కు శాస్త్రవేత్త సోరెన్సెన్ 1909లో పీహెచ్ కొలమానాన్ని ప్రతిపాదించాడు. ఇది సంవర్గమాన కొలమానం, పైగా తలకిందుల కొలమానం. అంటే ఆమ్లత పెరిగితే పీహెచ్ తగ్గుతుంది. పీహెచ్ ఒక అంకె తగ్గిందంటే ఉదజని అయాన్లు పది రెట్లు పెరిగినట్లు. 0.3 తగ్గితే రెట్టింపు అయినట్లు. రోగి రక్తపు పీహెచ్ 7.4 నుండి 7.1కి దిగిందని విన్నప్పుడు తేడా స్వల్పంగా తోస్తుంది కాని, ఉదజని అయాన్లు లీటరుకు 40 నానోమోల్‌ల నుండి 80 నానోమోల్‌లకు పెరిగాయని దాని అర్థం.

40 నానోమోల్‌లు అత్యల్పమైన గాఢత. అదే రక్తంలో బైకార్బొనేట్ లీటరుకు 24 మిల్లీమోల్‌లు ఉంటుంది, అంటే దాదాపు ఆరు లక్షల రెట్లు ఎక్కువ. ఇంత కొద్దిగా ఉన్న అయాన్లకు ఇంత కాపలా ఎందుకన్న ప్రశ్న సహజం. ఉదజని అయాన్ చాలా చిన్నది, చురుకైనది. అది మాంసకృత్తులకు అంటుకుంటే వాటి విద్యుదావేశం మారుతుంది, ఆవేశంతో ఆకారం మారుతుంది, ఆకారంతో పని మారుతుంది. ఎంజైములు మందగిస్తాయి, గుండె కండరం బలహీనపడుతుంది, రక్తంలో పొటాషియం తారుమారవుతుంది.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, రక్తం ఎప్పుడూ స్వల్పంగా క్షారమే. పీహెచ్ 7.2 ఉన్న రక్తం కూడా రసాయనికంగా క్షారపు వైపునే ఉంటుంది. అయినా ఉండవలసిన దానికంటె ఆమ్లం వైపు జరిగింది కనుక ఆ స్థితిని ఆమ్లాధిక్యం అనాలి. వైద్యులు అసిడోసిస్ అనేది దీన్నే. దీనికి వ్యతిరేక స్థితి క్షారాధిక్యం, అంటే ఆల్కలోసిస్. రెండవది, వాడుకలో మనం అసిడిటీ అనే ఛాతీమంటకూ దీనికీ సంబంధం లేదు. జీర్ణాశయంలో పీహెచ్ 1 నుండి 3 వరకు ఉండడం మామూలే. ఆ ఆమ్లం పైకి ఎగదన్నితే మంట పుడుతుంది కాని రక్తపు పీహెచ్ మారదు.

ఆమ్లం ఎక్కడి నుండి వస్తుంది

శరీరంలో తయారయ్యే ఆమ్లాలు రెండు రకాలు. పిండిపదార్థాలు, కొవ్వులు దహనమైనప్పుడు కార్బన్ డయాక్సైడ్ అనే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఇది నీటితో కలిస్తే కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. రోజుకు సుమారు 15,000 మిల్లీమోల్‌ల మేర తయారయ్యే ఈ ఆమ్లం ఊపిరితో బయటకు పోగలదు కనుక దీనిని ఎగిరిపోయే ఆమ్లం అనవచ్చు. రెండవది ఊపిరితో పోలేని స్థిర ఆమ్లం. మాంసకృత్తులలోని గంధకం నుండి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. దీనితోపాటు మరికొన్ని కలిసి, శరీరపు బరువు ప్రతి కిలోకు రోజుకు దాదాపు ఒక మిల్లీమోల్ తయారవుతాయి. 70 కిలోల మనిషికి సుమారు 70 మిల్లీమోల్‌లు అన్నమాట. మొదటి దానితో పోలిస్తే ఇది ఇసుమంత. కాని బయటపడే దారి మూత్రం ఒక్కటే కనుక ఇబ్బంది అంతా దీనితోనే. బఫర్లే లేవనుకొని ఈ 70 మిల్లీమోల్‌లను శరీరంలోని 42 లీటర్ల నీటిలో కలిపితే ఒక్క రోజులోనే పీహెచ్ 3 కంటె కిందికి పడిపోతుంది.

నాలుకకు పుల్లగా ఉన్నదల్లా రక్తంలో ఆమ్లాన్ని పెంచుతుందనుకోవడం పొరపాటు. రాగిసంగటి, నాటుకోడి పులుసు తిన్నవారి శరీరంలో ఆమ్లాన్ని పెంచేది పులుసులోని చింతపండు కాదు, కోడిమాంసంలోని మాంసకృత్తులు. పులివెందుల ప్రాంతంలో విస్తారంగా పండే చీనీకాయలలోనూ, నిమ్మకాయలలోనూ సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. దానిని కాలేయం దహించి నీరు, బొగ్గుపులుసు వాయువులుగా మార్చివేస్తుంది. ఆ పళ్లలోనే పొటాషియంతో జతకట్టి ఉన్న సిట్రేట్ దహనమైనప్పుడు దాని స్థానంలో బైకార్బొనేట్ మిగులుతుంది. అంటే పుల్లని పండు చివరకు క్షారాన్ని ఇస్తుంది. మూత్రంలో సిట్రేట్ ఉంటే సున్నంతో కూడిన రాళ్లు ఏర్పడడం తగ్గుతుంది. చెమట ఎక్కువై మూత్రం తక్కువై చిక్కబడే ఎండసీమలో ఇది గుర్తుంచుకోదగిన విషయం.

బఫరు అంటే ఏమిటి

ఒక బలహీన ఆమ్లమూ, దాని నుండి ఉదజని అయాన్ తొలగగా మిగిలిన క్షారమూ కలిసి ఉన్న ద్రావణాన్ని బఫర్ ద్రావణం అంటారు. ఉదజని అయాన్లు ఎక్కువైతే క్షార భాగం వాటిని పట్టుకుంటుంది, తక్కువైతే ఆమ్ల భాగం కొన్నింటిని విడుస్తుంది. అందువల్ల పీహెచ్ మారకుండా ఉండదు కాని, మారవలసినంతగా మారదు.

కడప బండ పరిచిన వంటగదిలో నిమ్మరసం ఒలికితే ఆ చోట నునుపు పోయి మరక తేలుతుంది. ఆ బండలో సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్, ఉండడమే దీనికి కారణం. రసంలోని ఉదజని అయాన్లను కార్బొనేట్ పట్టుకొని బొగ్గుపులుసు వాయువుగా మారిపోతుంది. రసం పులుపు చచ్చింది, బండ కొంత కరిగింది. ఆమ్లాన్ని మింగినందుకు క్షారం ఖర్చయింది. కడప జిల్లా తుమ్మలపల్లెలో ఇదే సంగతి పెద్ద ఎత్తున ఎదురయింది. యురేనియం ఖనిజాన్ని సాధారణంగా సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగించి వేరు చేస్తారు. తుమ్మలపల్లె ఖనిజం కార్బొనేట్ శిలలో ఉంది. ఎంత ఆమ్లం పోసినా ముందు ఆ శిలే తాగేస్తుంది కనుక యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అక్కడ ఆమ్లానికి బదులు సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో కూడిన క్షార పద్ధతిని ఎంచుకోవలసి వచ్చింది.

మన శరీరంలోనూ ఇలాంటి బండ ఒకటి ఉంది. అది ఎముక. ఎముకలలోని కార్బొనేట్, ఫాస్ఫేట్ లవణాలు దీర్ఘకాలిక ఆమ్లాధిక్యంలో కరుగుతూ ఆమ్లాన్ని అణుస్తాయి. మూత్రపిండాలు చెడినవారిలో ఎముకలు బలహీనపడడానికి ఉన్న కారణాలలో ఇది ఒకటి.

బైకార్బొనేట్ వ్యవస్థ

కణాల వెలుపలి ద్రవాలలో అన్నింటికంటె ముఖ్యమైన బఫరు ఇదే. దీని మూలసూత్రం:

బొగ్గుపులుసు వాయువు + నీరు ⇌ కార్బోనిక్ ఆమ్లం ⇌ ఉదజని అయాన్ + బైకార్బొనేట్ అయాన్

ఈ చర్య రెండు దిశలలోనూ నడుస్తుంది. ఏ దిశలో నడవాలన్నది వాయువు బయటకు పోగలదా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. దీనికి మంచి నిదర్శనం బెలుం గుహలు. ఇవి పూర్వపు కర్నూలు జిల్లాలో, 2022 నుండి నంద్యాల జిల్లాలో, కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీటిని గురించి రాశాడు. ఇప్పటికి కొలిచిన పొడవు 3,229 మీటర్లు. వర్షపు నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కార్బోనిక్ ఆమ్లమై సున్నపురాతిని కరిగించుకుంటూ పోగా ఏర్పడ్డవి ఈ గుహలు. కరిగిన సున్నం నీటిలో బైకార్బొనేట్ రూపంలో ఉంటుంది. అదే నీటిబొట్టు గుహ కప్పు నుండి వేలాడినప్పుడు దానిలోని వాయువు గుహ గాలిలోకి తప్పించుకుంటుంది. అప్పుడు చర్య వెనక్కు తిరిగి సున్నం మళ్లీ రాయిగా పేరుకుంటుంది. గుహలో కప్పు నుండి వేలాడే రాతి ఊడలు ఇలా పుట్టినవే. వాయువు లోపలికి వచ్చినంతకాలం రాయి కరిగింది, వాయువు వెళ్లిపోగానే రాయి తిరిగి కట్టింది.

రక్తంలోనూ జరిగేది ఇదే చర్య. గుహ గాలికి బదులు ఇక్కడ ఊపిరితిత్తులలోని గాలి ఉంటుంది. ఈ సంబంధాన్ని అమెరికా శాస్త్రవేత్త లారెన్స్ హెండర్సన్ 1908లో సమీకరణంగా రాశాడు. హాసెల్‌బాల్క్ 1916లో దానిని సంవర్గమాన రూపంలోకి మార్చాడు. హెండర్సన్-హాసెల్‌బాల్క్ సమీకరణం ప్రకారం:

పీహెచ్ = 6.1 + సంవర్గమానం (బైకార్బొనేట్ ÷ కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు)

బైకార్బొనేట్ 24 మిల్లీమోల్‌లు. వాయువు పాక్షిక పీడనం 40 మి.మీ. పాదరసం కనుక, దానిని 0.03తో హెచ్చవేస్తే కరిగి ఉన్న వాయువు 1.2 మిల్లీమోల్‌లు. నిష్పత్తి 20. దాని సంవర్గమానం 1.3. మొత్తం 7.4.

ఒక బఫరు తన స్థిరాంకానికి దగ్గరి పీహెచ్ వద్ద బాగా పనిచేస్తుందని రసాయన శాస్త్రం చెబుతుంది. ఈ బఫరు స్థిరాంకం 6.1, రక్తపు పీహెచ్ 7.4. ఆ లెక్కన ఇది నాసిరకం బఫరు కావాలి. మరి ముఖ్యమైన బఫరు ఎలా అయింది? చిన్న లెక్క వేసి చూద్దాం. మిగతా బఫర్లను పక్కన పెట్టి, ఒక లీటరు రక్తద్రవంలో 10 మిల్లీమోల్‌ల బలమైన ఆమ్లం కలిపామనుకుందాం. బైకార్బొనేట్ 24 నుండి 14కు తగ్గుతుంది.

మూత బిగించిన సీసాలో అయితే పుట్టిన 10 మిల్లీమోల్‌ల వాయువు అక్కడే ఉండిపోతుంది. కరిగిన వాయువు 1.2 నుండి 11.2కు పెరిగి పీహెచ్ 6.2కు పడుతుంది. అంటే మరణం. అదే వాయువును ఎప్పటికప్పుడు బయటకు తీసివేసి పీడనాన్ని 40 వద్దనే నిలిపితే పీహెచ్ 7.17 అవుతుంది. మనిషి జబ్బుపడతాడు కాని బతుకుతాడు. ఊపిరి వేగం పెరిగి పీడనం 29కి దిగితే పీహెచ్ 7.31 దాకా తిరిగి లేస్తుంది. మూడు సందర్భాలలోనూ ఆమ్లం అంతే, బైకార్బొనేటూ అంతే. మారినదల్లా వాయువు బయటకు పోయే దారి. ఇదే 10 మిల్లీమోల్‌ల ఆమ్లాన్ని లీటరు మంచినీటిలో కలిపితే పీహెచ్ 2 అవుతుందని పోల్చి చూసుకోవచ్చు.

కణజాలం నుండి వచ్చే బొగ్గుపులుసు వాయువు నీటితో కలవడం దానంతట అదిగా నెమ్మదిగా జరిగే పని. ఎర్ర రక్తకణాలలో ఉన్న కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైము దీనిని కొన్ని వేల రెట్లు వేగవంతం చేస్తుంది. తుతునాగం, అంటే జింకు, దీనిలో ముఖ్యమైన భాగం.

ఇతర బఫర్లు

ఎర్రకణాలలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయడమే కాక గట్టి బఫరుగా కూడా పనిచేస్తుంది. దీనిలోని హిస్టిడిన్ భాగాలు ఉదజని అయాన్లను పట్టుకుంటాయి. ప్రాణవాయువును దింపేసిన హీమోగ్లోబిన్ ఉదజనిని మరింత బాగా పట్టుకుంటుంది. అంటే కణజాలంలో ఆమ్లం ఎక్కడ ఎక్కువో సరిగ్గా అక్కడే దీని శక్తి పెరుగుతుంది. ఊపిరితిత్తులకు చేరాక ప్రాణవాయువు ఎక్కగానే ఉదజని దిగిపోతుంది. కార్బోనిక్ ఆమ్లాన్ని అణచే పనిలో ఎక్కువ భారం దీనిదే, ఎందుకంటే బైకార్బొనేట్ బఫరు తన సొంత ఆమ్లాన్ని తాను అణచుకోలేదు. రక్తహీనత ఉన్నవారిలో ఈ శక్తి కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఫాస్ఫేట్ బఫరు స్థిరాంకం 6.8. రక్తపు పీహెచ్‌కు దగ్గరగా ఉన్నా రక్తద్రవంలో దీని గాఢత లీటరుకు ఒక మిల్లీమోల్ ప్రాంతమే కనుక అక్కడ దీని పాత్ర తక్కువ. కణాల లోపల, మూత్రంలో ఎక్కువ. జీవద్రవాలలో ఫాస్ఫేట్‌ను కొలవడానికి ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చిన పద్ధతిని 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రూపొందించినవాడు తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతోనే ప్రసిద్ధి పొందింది.

ఊపిరితిత్తుల పాత్ర

మెదడు అడుగున ఉన్న మజ్జాముఖంలో శ్వాసను నియంత్రించే కేంద్రం ఉంది. రక్తంలోని బొగ్గుపులుసు వాయువు సులువుగా మెదడు ద్రవంలోకి చేరి అక్కడి పీహెచ్‌ను మార్చడంతో ఈ కేంద్రం స్పందిస్తుంది. మెడలోని ధమనుల వద్ద ఉన్న గ్రాహకాలు రక్తపు ఆమ్లతను నేరుగా పసిగడతాయి. ఆమ్లం పెరిగితే ఊపిరి లోతు, వేగం పెరుగుతాయి. మధుమేహం ముదిరి ఆమ్లాధిక్యం ఏర్పడినవారిలో కనిపించే లోతైన, ఆగని శ్వాసను జర్మన్ వైద్యుడు కుస్‌మాల్ 1874లో వర్ణించాడు. చూసేవారికి ఇది ఆయాసంలా కనిపిస్తుంది. ఊపిరితిత్తుల జబ్బనుకొని పొరబడడమూ ఉంది. జబ్బు ఊపిరితిత్తులలో లేదు, అవి చేయవలసిన పనినే చేస్తున్నాయి. ఇటువంటి రోగికి నిద్రమందులు ఇచ్చి ఊపిరిని నెమ్మదింపజేయడం ప్రమాదకరం.

ఊపిరితిత్తులు స్థిర ఆమ్లాన్ని బయటకు పంపలేవు. అవి నిష్పత్తిలోని హారాన్ని తగ్గించి పీహెచ్‌ను కొంత సర్దుతాయి. ఖర్చయిన బైకార్బొనేట్ మాత్రం తిరిగి రాలేదు.

మూత్రపిండాల పాత్ర

మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. దానిలో దాదాపు 4,300 మిల్లీమోల్‌ల బైకార్బొనేట్ ఉంటుంది. అది పోతే మనిషి ఒక్క రోజు కూడా నిలవడు. కనుక మొదటి పని దానిని వెనక్కు తెచ్చుకోవడం. సమీపస్థ నాళికలోనే దీనిలో ఎనభై శాతానికి పైగా తిరిగి రక్తంలోకి చేరుతుంది.

రెండవ పని కొత్త బైకార్బొనేట్‌ను తయారు చేయడం. ప్రతి ఉదజని అయాన్‌ను మూత్రంలోకి నెట్టినప్పుడల్లా ఒక కొత్త బైకార్బొనేట్ రక్తంలో చేరుతుంది. కాని మూత్రపు పీహెచ్ 4.5 కంటె కిందికి దిగదు. ఆ పీహెచ్ వద్ద లీటరు మూత్రంలో విడిగా ఉండగల ఉదజని అయాన్లు 0.03 మిల్లీమోల్‌లు మాత్రమే. రోజువారీ 70 మిల్లీమోల్‌లను అలా విడిగా పంపాలంటే రెండువేల లీటర్లకు పైగా మూత్రం పోయవలసి ఉంటుంది! కనుక మూత్రంలోనూ బఫర్లు కావాలి. కొంత భాగాన్ని ఫాస్ఫేట్ మోస్తుంది. మిగతాది అమ్మోనియా. నాళికల కణాలు గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని విడగొట్టి అమ్మోనియంను మూత్రంలోకి, బైకార్బొనేట్‌ను రక్తంలోకి పంపుతాయి. ఫాస్ఫేట్ ఆహారాన్ని బట్టి వచ్చేది కనుక అంతగా పెంచుకోలేము. అమ్మోనియా తయారీని మాత్రం మూత్రపిండం అవసరాన్ని బట్టి కొన్ని రెట్లు పెంచుకోగలదు. అయితే దీనికి మూడు నుండి ఐదు రోజులు పడుతుంది. ఆ ఐదు రోజులూ శరీరాన్ని నిలబెట్టేది బఫరూ, ఊపిరీ.

సమతౌల్యం తప్పితే

బైకార్బొనేట్ తగ్గడం వల్ల వచ్చే ఆమ్లాధిక్యాన్ని జీవక్రియా సంబంధమైనదని, వాయువు నిలిచిపోవడం వల్ల వచ్చేదానిని శ్వాస సంబంధమైనదని అంటారు. క్షారాధిక్యానికీ ఇదే విభజన. ఎడతెగని వాంతులలో జీర్ణాశయపు ఆమ్లం పోయి క్షారాధిక్యం వస్తుంది. భయాందోళనలతో అతిగా ఊపిరి తీసినా వస్తుంది. అప్పుడు రక్తంలో విడిగా ఉండే కాల్షియం తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చేతులు కొంకర్లు పోతాయి. రాయలసీమ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. వడదెబ్బ తగిలినవారిలో మొదట వేగమైన శ్వాస వల్ల క్షారాధిక్యమూ, రక్తప్రసరణ దెబ్బతిన్న కొద్దీ లాక్టిక్ ఆమ్లం పేరుకొని ఆమ్లాధిక్యమూ కలిసి కనిపిస్తాయి.

మన ప్రాంతంలో చరిత్ర పొడవునా ఎక్కువ ప్రాణాలు తీసిన కారణాలలో ఒకటి కలరా వంటి విరేచనాల జబ్బులు. చిన్నపేగు రసాలలో బైకార్బొనేట్ రక్తంలో కంటె ఎక్కువ గాఢంగా ఉంటుంది. కలరాలో అది లీటర్ల కొద్దీ బయటకు పోతుంది. నీరు, ఉప్పులతోపాటు శరీరపు బఫరు కూడా కారిపోతుందన్నమాట. రక్తం చిక్కబడి మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గిపోవడంతో కొత్త బైకార్బొనేట్ తయారీ కూడా ఆగిపోతుంది. పోయేది పోతూ ఉంటుంది, నింపేవాడు పనిమానేస్తాడు. 1876-78 నాటి మహాక్షామం, ప్రజలు ధాత కరువుగా చెప్పుకున్నది, బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను అన్నింటికంటె తీవ్రంగా పీడించింది. దానివెంట కలరా చెలరేగింది. 1871 లెక్కలతో పోలిస్తే 1881 నాటికి కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆకలి ఒక్కటే ఇందుకు కారణం కాదు.

విచారకరమైన విషయమేమంటే అప్పటికే ఈ జబ్బు రసాయనం కొంత తెలుసు. 1831-32లో ఇంగ్లండులో కలరా వ్యాపించినప్పుడు విలియం ఓషానెస్సీ అనే యువవైద్యుడు రోగుల రక్తాన్ని పరీక్షించి దానిలో నీరు, లవణాలు, క్షారం తగ్గిపోయాయని, అవి విరేచనాలలో కనబడుతున్నాయని తేల్చాడు. 1832లోనే స్కాట్లండు వైద్యుడు థామస్ లాటా ఉప్పు, బైకార్బొనేట్ కలిపిన నీటిని నరాలలోకి ఎక్కించి కొందరిని బతికించాడు. ఓషానెస్సీ ఆ తరువాత భారతదేశానికి వచ్చి కలకత్తా వైద్య కళాశాలలో పనిచేశాడు, దేశంలో తంతి వ్యవస్థను నెలకొల్పాడు. అయినా ఈ చికిత్స దశాబ్దాలపాటు మరుగున పడిపోయింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ ఉప్పునీటి చికిత్సను పునరుద్ధరించి, క్షారాన్ని కూడా జతచేశాక మరణాలు బాగా తగ్గాయి.

సూది, సీసా లేని చోట ఏం చేయాలన్న ప్రశ్నకు 1971లో సమాధానం దొరికింది. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన పొట్లాలను నీటిలో కలిపి తాగించాడు. వంటసోడా అంటే సోడియం బైకార్బొనేటే. పేగు గోడ గ్లూకోజుతోపాటు సోడియంను, దాని వెంట నీటిని లోపలికి లాక్కుంటుంది. సోడా పోయిన బఫరును భర్తీ చేస్తుంది. సోడా కలిపిన పొట్లాలు తేమకు, వేడికి పాడవుతున్నందున 1980ల దశకంలో దాని స్థానంలో సిట్రేట్‌ను చేర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుండి సిఫారసు చేస్తున్న ఓఆర్ఎస్ పొట్లంలో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు ఉంటాయి. చీనీకాయలోని సిట్రేట్ లాగానే ఇదీ కాలేయంలో బైకార్బొనేట్‌గా మారుతుంది. ఇంట్లో కలుపుకొనే ఉప్పు-చక్కెర నీటిలో ఈ క్షారం లేదు. అయినా పొట్లం దొరికేవరకు అది తాగించవలసిందే. నీరు చేరి రక్తప్రసరణ కుదుటపడితే మూత్రపిండాలు తిరిగి పని మొదలుపెడతాయి.

మధుమేహం, ఆకలి

ఇన్సులిన్ లేనప్పుడు శరీరం కొవ్వును అతిగా కరిగించి కీటోన్ ఆమ్లాలను తయారు చేస్తుంది. బైకార్బొనేట్ వేగంగా ఖర్చవుతుంది. దీర్ఘకాలపు పస్తులలోనూ కీటోన్లు పెరుగుతాయి కాని, ఎంతోకొంత ఇన్సులిన్ ఉంటుంది కనుక అంత ఉద్ధృతంగా కాదు. రక్తంలోని సోడియం నుండి క్లోరైడ్, బైకార్బొనేట్‌ల మొత్తాన్ని తీసివేస్తే వచ్చే తేడాను బట్టి వైద్యులు ఈ రెండు రకాల ఆమ్లాధిక్యాలను వేరు చేస్తారు. కొత్త ఆమ్లం చేరితే ఆ తేడా పెరుగుతుంది. విరేచనాలలో లాగా బైకార్బొనేట్ ఊరకే పోతే పెరగదు. మధుమేహపు ఆమ్లాధిక్యానికి అసలు మందు ఇన్సులిన్, ద్రవాలు. చాలామందికి సోడా ఎక్కించవలసిన అవసరమే రాదు.

కొపెన్‌హాగన్ పాఠం

1952లో డెన్మార్కు రాజధాని కొపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలి, ఊపిరి కండరాలు చచ్చుబడిన రోగులు వందల సంఖ్యలో ఆసుపత్రి చేరారు. వారి రక్తంలో మొత్తం బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా కనిపించింది. దానిలో అధిక భాగం బైకార్బొనేట్ కనుక ఇది అంతుబట్టని క్షారాధిక్యమని వైద్యులు భావించారు. మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ మాత్రం వాయువు బయటకు పోక నిలిచిపోయిందని, ఇది శ్వాస సంబంధమైన ఆమ్లాధిక్యమని వాదించాడు. పీహెచ్‌ను నేరుగా కొలిచి చూస్తే అతనిదే నిజమైంది. గొంతులో గొట్టం అమర్చి, వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబగళ్లు సంచులు నొక్కుతూ ఊపిరి ఆడించగా మరణాలు భారీగా తగ్గాయి. ఆధునిక ఇంటెన్సివ్ కేర్ విభాగాలకు, ధమనీ రక్త వాయు పరీక్షకు ఇక్కడే నాంది పడింది. అందుకే నేటికీ బైకార్బొనేట్ ఒక్కదాన్నే చూసి నిర్ణయానికి రాకుండా పీహెచ్, వాయు పీడనం, బైకార్బొనేట్ మూడింటినీ కలిపి చదువుతారు.

క్షారజలం గురించిన అపోహ

శరీరంలో ఆమ్లం పేరుకోవడమే సకల రోగాలకు మూలమని, క్షారజలం తాగితే అవి నయమవుతాయని ప్రచారం ఉంది. పీహెచ్ 9 ఉన్న మంచినీటిలో క్షారం లీటరుకు మిల్లీమోల్‌లో వందో వంతు మాత్రమే ఉండవచ్చు. అది జీర్ణాశయపు ఆమ్లంలో ఒక్క గుక్కతోనే మాయమవుతుంది. సున్నపురాతి నేలల బావినీటిలో బైకార్బొనేట్ అంతకంటె చాలా ఎక్కువే ఉంటుంది. దానినైనా ఆరోగ్యవంతుల మూత్రపిండాలు మిగులును మూత్రంలో పారబోస్తాయి. మూత్రపు పీహెచ్ మారుతుంది, రక్తానిది మారదు. మూత్రపిండాలు దెబ్బతిని బైకార్బొనేట్ తగ్గినవారికి సోడియం బైకార్బొనేట్ మాత్రలు ఇవ్వడం వేరే సంగతి. అక్కడ లోటు నిజమైనది, మోతాదును రక్తపరీక్షతో నిర్ణయిస్తారు. దానితోపాటు చేరే సోడియం వల్ల ఒళ్లు నీరుపట్టకుండా, రక్తపోటు పెరగకుండా చూసుకోవాలి కనుక ఇంట్లోని వంటసోడాతో సొంతవైద్యం తగదు.